నృత్యం: జీవిక, పణ్యం

నాట్యం దైవారాధన అయినప్పుడు దానికి వెల పుచ్చుకోవడం దోషమా అన్న ప్రశ్న ఎంత పాతదో కాళిదాసు మాళవికాగ్నిమిత్రం చూస్తే తెలుస్తుంది. అందులో గణదాసుడు, హరదత్తుడు అనే నాట్యాచార్యులు తమలో ఎవరు మేటో తేల్చమని రాజును ఆశ్రయించగా రాణి ఆ పోటీని ఆపబోతుంది. గణదాసుడు మాత్రం ఒప్పుకోక, కొలువు దొరికింది చాలునని వాదానికి వెరచి పరుల నిందను ఓర్చుకుంటూ విద్యను కేవలం జీవికకే వాడుకునేవాడు జ్ఞానాన్ని పణ్యం (అంగడి సరుకు) చేసిన వర్తకుడని తెగేసి చెబుతాడు. చెప్పినవాడూ జీతగాడే, వీరికి ఊరకే వేతనాలెందుకని విదూషకుడు అదే సన్నివేశంలో ఎకసెక్కమాడతాడు కూడా. కాబట్టి ఆ నింద వేతనానికి తగలదు, పరీక్షకు నిలవనక్కరలేదనుకునే విద్యకు తగులుతుంది.

ఉంఛవృత్తితో, అనగా వీధుల్లో పాడుతూ భిక్ష స్వీకరించి, బతికిన త్యాగరాజును చూపి నర్తకులను తక్కువ చేసేవారు ఒక భేదాన్ని మరుస్తారు. గాయకుడు తంబురా మీటుకుంటూ ఒంటరిగా స్వామిని కొలవగలడు గాని, కూచిపూడి మేళం (భాగవతుల బృందం) సూత్రధారుడు, మద్దెల వాయించేవాడు, హాస్యగాడు, వేషధారులు లేనిదే కదలదు గనుక, అందులో ఒకరి వైరాగ్యం మరొకరి ఇంట పస్తుగా మారుతుంది. పూర్వం ఈ చిక్కును మాన్యం, అంటే సేవకు బదులుగా ఇచ్చిన భూమి, కొంత తీర్చింది: పంట ఏటా వచ్చేది గాని ఏ ఒక్క రాత్రి ఆటకూ ధర కట్టేది కాదు. అయితే అదే మాన్యం ఆలయ నర్తకిని సేవకు కట్టిపడేసింది కూడా. ఆ ముడి విప్పడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1929లో ఒక చట్టం, ఆడపిల్లలను ఆలయానికి అంకితమిచ్చే ఆచారాన్నే నిషేధిస్తూ 1947లో మరొకటి అవసరమయ్యాయి.

మాన్యాల కాలం పోయాక మిగిలింది శిష్యుల రుసుము. సినిమా నృత్యాల్లో పనిచేసిన వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి నృత్యనాటకాలు రూపొందించారు. అంగడిని తాకినంత మాత్రాన విద్య మైలపడదనడానికి ఆ కృషే సాక్ష్యం. ఇబ్బంది మరోచోట ఉంది. గణదాసుడి పాండిత్యానికి పరీక్ష జరిగింది శిష్యురాలు మాళవిక నాట్యంలో. నేటి గురువుకు ఆ పరీక్ష రంగప్రవేశం, అనగా శిష్యురాలి తొలి పూర్తి ప్రదర్శన, కాగా హాలు, వాద్యబృందం, ఆహార్యం (వేషభూషణాలు) ఖర్చు సాధారణంగా ఆమె తల్లిదండ్రులదే. అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమ) ఇంకా కుదరలేదు, మరో రెండేళ్లు ఆగమని చెప్పే గురువు, ఆ మాటతో శిష్యురాలు వేరొక గురువు గడప తొక్కవచ్చని, తనకు నెల రుసుము తగ్గవచ్చని తెలిసే చెప్పాలి.