అందని ఆకు

అమ్మలూ,

టెక్సస్ నుంచి మీ అన్నయ్య పంపిన వీడియో చూపించావు కదా, ఆకుముక్కల్ని గొడుగుల్లా ఎత్తుకుని వరసగా పోయే చీమలది, నాలుగుసార్లు చూశాను. ఆ ఆకులు అవి తినవు. పుట్టలోకి మోసుకెళ్ళి, నమిలి, ఎరువుగా వేసి బూజు పండిస్తాయి. వాటి పిల్లలకు ఆ పంటే తిండి. "మనకెందుకు లేవు తాతయ్యా?" అన్నావు. నిజమే, ఆ జాతి అమెరికా ఖండాలు దాటి రాలేదు. కానీ ఆకులతో ఇల్లు కట్టే చీమలు మన ప్రహరీ పక్కనే ఉన్నాయి. కారుకు కొమ్మ తగులుతోందని నువ్వు వాచ్‌మన్ మీద విసుక్కుంటావే, ఆ మామిడిచెట్టు మీద. మన ఊళ్ళో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. చెట్టు అంతకంటే పాతదని అతనంటాడు.

పుస్తకాల్లో వీటిని నేత చీమలంటారు. మొన్న వాకింగు మానేసి గంటసేపు అక్కడే నిలబడ్డాను. నాకేదో అయిందనుకుని వాచ్‌మన్ కుర్చీ తెచ్చి వేశాడు.

ఒక ఎర్రచీమ ఆకు అంచున వెనకకాళ్ళు ఆనించి, పక్క ఆకును పట్టుకోవాలని ముందుకు సాగింది. అందలేదు. ఇంకోటి వచ్చి దాని నడుం కరిచి పట్టుకుంది. దాని నడుం మరోటి. అలా గొలుసు సాగి అవతలి ఆకును అందుకుంది. పక్కన ఇంకో రెండు గొలుసులు. అన్నీ కలిసి లాగితే ఆకు మెల్లగా ఒంగింది. అంచులు దగ్గరపడ్డాక కొన్ని చీమలు గూట్లోంచి తెల్లటి పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చాయి. పెద్ద చీమలకు పట్టు రాదు, పిల్లలకే వస్తుంది. పిల్లను ఈ అంచుకు తాకించి, ఆ అంచుకు తాకించి, మళ్ళీ ఇటు. అచ్చం పోచంపల్లి మగ్గం మీద నాడె ఆడినట్టే. ఆ పిల్లలు తమకంటూ పట్టుగూడు కట్టుకోవు. ఉన్న దారమంతా ఇంటికే ఇచ్చేస్తాయి.

చీమను చూసి కష్టపడడం నేర్చుకోమని బళ్ళో ముప్ఫై ఏళ్ళు చెప్పాను. నీకు ఆ మాట చెప్పను. నీకు కష్టం తక్కువైందా ఏమిటి! మొన్న రాత్రి రెండున్నరకు నీ గదిలో లైటు వెలుగుతోంది. ఆ పని పక్క సీటు అబ్బాయికి తెలుసని పొద్దున ఇడ్లీ తింటూ నువ్వే అన్నావు. మరి అడగలేదేం అంటే, "అడిగితే నాకు రాదనుకుంటారు" అన్నావు. రాదనుకోనీ తల్లీ. రాకపోతే రాదు. ఆ మొదటి చీమకూ ఆకు అందలేదు. తెల్లవార్లూ మెడ సాచి కూర్చోలేదది, వెనకొచ్చినదానికి నడుం అప్పగించింది. రేపు ఇంకో అమ్మాయి నీ దగ్గరికొచ్చి తడబడితే, నువ్వూ అలాగే పట్టుకో.

ఈ జాతిలో ముసలి చీమలు సరిహద్దు గూళ్ళలో ఉంటాయని, శత్రువు వస్తే ముందు అవే ఎదురు వెళ్తాయని హోల్‌డోబ్లర్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు రాశారు. మనుషులం కుర్రాళ్ళను పంపి మనం ఇంట్లో కూర్చుంటాం. నాకు చీమల పద్ధతే నచ్చింది. నీ కోడింగు నాకు అర్థం కాదు గానీ, ఈసారి రాత్రి ఎక్కడైనా ఇరుక్కుంటే నన్ను లేపు. కాఫీ పెట్టడం వచ్చు, ఎలాగూ నిద్ర పట్టదు.

ఇంకో మాట. ఈ చీమలు కరుస్తున్నాయని సొసైటీవాళ్ళు చెట్టుకు మందు కొట్టిస్తామంటున్నారు. చైనా రైతులు దాదాపు పదిహేడు వందల ఏళ్ళ క్రితమే పురుగుల్ని తినేస్తాయని ఈ చీమల గూళ్ళను కొని నారింజతోటల్లో పెట్టుకునేవారు. మీటింగులో నేను చెబితే ముసలాయన చాదస్తం అంటారు. నువ్వు చెప్పు.

ఆదివారం ఏడింటికి కిందికి రా. పొడుగు చేతుల చొక్కా వేసుకో, కొమ్మ కింద మాత్రం నిలబడకు. కరిచి, కరిచిన చోటే ఆమ్లం చిమ్ముతాయి. నా మెడ మీద మచ్చ ఇంకా ఉంది.