ఎదుట నిలబెట్టి అడిగారా?



మీ ఫోనులో ఏమేం ఉన్నాయో ఒకసారి లెక్క వేసుకోండి. పిల్లల ఫొటోలు, కుల సర్టిఫికెట్ కాపీ, విహారం చందాల లెక్కలు, ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులు. ఇవన్నీ చాలామందికి ఒకే ఒక్క ఖాతా మీద వేలాడుతుంటాయి. ఆ ఖాతా ఇచ్చిన కంపెనీ ఒకరోజు పొద్దున్నే “నువ్వు తప్పు చేశావు, ఇక లేదు పో” అంటే మీరు ఎవరి గడప తొక్కుతారు?

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రికి 2021 ఫిబ్రవరిలో ఇదే జరిగింది. చిన్న కొడుక్కి మర్మాంగం దగ్గర వాపు వచ్చింది. అవి కరోనా రోజులు. డాక్టరు చూడాలి, ఫొటోలు పంపమని నర్సు చెప్పింది. తీసి పంపారు, మందు రాశారు, పిల్లాడికి నయమైంది. ఆ ఫొటోలు ఫోనులోంచి వాటంతటవే గూగుల్ నిల్వలోకి కూడా వెళ్లాయి. అక్కడి యంత్రం వాటిని పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాలుగా పట్టుకుంది. రెండు రోజుల్లో ఖాతా మూత. మెయిళ్లు, కొడుకు పసితనపు ఫొటోలు, గూగుల్ నుంచే తీసుకున్న ఫోను నంబరు, అన్నీ పోయాయి. అప్పీలులో జబ్బు సంగతంతా రాసుకున్నాడు. కారణం చెప్పకుండానే కొట్టేశారు. పోలీసులు విచారించి నేరమేమీ లేదని కేసు మూసేశారు. అయినా ఖాతా తిరిగి రాలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి బయటపెట్టాక కూడా కంపెనీ తన నిర్ణయం సరైనదేనంది.

పిల్లలకు కాపలా అక్కర్లేదని నేను అనడం లేదు. కాపలా ఉండి తీరాలి. అనుమానం రావడం కూడా తప్పు కాదు, పోలీసులకీ వచ్చింది. కానీ వాళ్లు విచారించారు, తేల్చారు.

భిక్షు సంఘంలో తగువు తీర్చే పద్ధతుల్లో మొదటిది సమ్ముఖా వినయం. అంటే సంఘం, ధమ్మం, వినయం, తగువులో ఉన్న మనుషులు, ఈ నాలుగూ ఎదురెదురుగా ఉండాలి. లేనివాడి మీద తీర్పు చెప్పడానికి వీల్లేదు. వినయ పిటకంలో భిక్షువు ఏదైనా పొరపాటు చేశానేమోనని వస్తే, ఆ పని చేసేటప్పుడు నీ మనసులో ఏముందని బుద్ధుడు అడుగుతాడు. ఒకే ఫొటోను వైద్యం కోసం తీయొచ్చు, దుర్మార్గం కోసం తీయొచ్చు. తేడా ఉన్నది చేతనలో. దాన్ని యంత్రం చూడలేదు. మనిషి అడిగితేనే తెలుస్తుంది. బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో భిక్షు సంఘాల నియమాలను ఊరికే గుర్తుచేయలేదు. తీర్మానం, కోరం, ఓట్ల లెక్క ఈ నేలకు కొత్త కాదని చూపించారు.

వెలి అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొట్లో సరుకు ఇవ్వరు, పొలంలో పని ఇవ్వరు, ఎందుకని అడిగితే జవాబు ఉండదు. ఖాతా పోవడాన్ని ఆ గాయంతో సమానం చేయడం లేదు. కానీ అడిగే చోటు లేకపోవడం అన్నది మాత్రం మనం ఎరిగినదే. ప్రాథమిక హక్కుల్లో చాలావరకు రాజ్యం ముందు నిలబడి అడిగేవి. 17వ అధికరణ అలా కాదు, పొరుగువాడి చేయి కూడా పట్టుకుంటుంది. 15వ అధికరణ దుకాణం దాకా, హోటల్ దాకా, బావి దాకా వెళ్తుంది. పెత్తనం సర్కారు దగ్గరే ఉండదని, ప్రైవేటు యజమాని దగ్గరా ఉంటుందని అంబేడ్కర్ 1947లోనే ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో రాశారు. ఈ రోజు బావి ఎవరి చేతిలో ఉందో చూసుకోండి.

పొట్టకూటి సంగతి ఇంకా కష్టం. మోసం చేశారంటూ ఉబర్ కొందరు డ్రైవర్లను యాప్ నుంచి తీసేసింది. బ్రిటన్, పోర్చుగల్‌లలో కార్లు నడిపినవాళ్లు. కంపెనీ యూరప్ కార్యాలయం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది కాబట్టి కేసు అక్కడ వేశారు. 2023 ఏప్రిల్ 4న అక్కడి అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు తీర్పు చెప్పింది. ఆ నిర్ణయాల్లో మనిషి పాత్ర పేరుకు మాత్రమేనంది. కోర్టు గుర్తించిన సంగతే మన వీధిలో బండి మీద తిండి తెచ్చే కుర్రాడిని అడిగినా చెబుతాడు. “ఐడీ బ్లాక్ అయిందన్నా” అంటాడు. ఎవరు చేశారంటే పైకి చూస్తాడు. పైన ఎవరూ ఉండరు.

మన దేశంలో చిన్న దారి ఒకటి ఉంది, చాలామందికి తెలీదు. సోషల్ మీడియా ఖాతా ఆపేస్తే ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. అతని జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. 2023 నుంచి నడుస్తోంది, అంతా ఆన్‌లైన్‌లోనే. అక్కడా ఎదుట మనిషి కనపడడు గానీ, అడిగినట్టు ఒక రికార్డు మిగులుతుంది. ఆదివారం వందన అయ్యాక రాయడం వచ్చినవాళ్లు ఒక అరగంట కూర్చోండి. డెలివరీ కుర్రాళ్లనూ పిలవండి. బ్లాక్ అయినప్పుడు వచ్చిన మెసేజ్ చెరిపేయొద్దని, తేదీతో సహా దాచుకోమని చెప్పండి.