పండుగ దినములలో మన ఇల్లు

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 16:13–17



మన రొళ్ల ప్రాంతములో వానను నమ్ముకొని బ్రదుకు ఇండ్లు అనేకములు. పాత అనంతపురము జిల్లాకు సంవత్సరమంతటికిని సుమారు 550 మిల్లీమీటర్ల వానయే. అందులోను సెప్టెంబరు, అక్టోబరు నెలల వాన కలిసి వచ్చిననే పంట చేతికి వచ్చును. శనక్కాయ చెట్లు పెరికి కాయలు వలుచునప్పటికి, రాగి కంకులు కోసి కళ్లము చేర్చునప్పటికి, సంవత్సరము కడపటికి వచ్చును. ఆ దినములలోనే కోత పండుగ, ఆగమన కాలపు నాలుగు ఆదివారములు, క్రిస్మస్, నూతన సంవత్సర ఆరాధన వరుసగా వచ్చును. బెంగుళూరునకు పనికి పోయిన బిడ్డలును ఇంటికి చేరుదురు.

ఈ దినములలో ఇల్లు నడుపుట చిన్న పని కాదు. అనేక గృహములలో డిసెంబరు 25 గడచిన పిమ్మట మిగులునవి రెండే: తల్లికి నడుము నొప్పి, తండ్రికి అప్పు. ప్రభువు జన్మదినము మనకు ఇట్లు ముగియవలసినదేనా? దీనిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

ఇశ్రాయేలీయులకును ఇట్టి కాలము ఒకటి కలదు. కళ్లములోనుండి ధాన్యమును, గానుగలోనుండి ద్రాక్షారసమును సమకూర్చుకొనిన తరువాత ఏడు దినములు పర్ణశాలల పండుగ ఆచరింపవలెనని మోషే ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞలోనుండి మన గృహములకు మూడు సంగతులు నేర్చుకొందము.

1. పొయ్యి యొద్ద ఉన్నవారును సంతోషింపవలెను

పదునాలుగవ వచనములో ఎవరెవరు సంతోషింపవలెనో మోషే ఒక్కొక్కరినే పేర్కొనెను. ఇంటి యజమానుడు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తలిదండ్రులు లేనివాడు, విధవరాలు. ఇందులో దాసి ఉన్నదని గమనించుడి. ఆ దినములలో తిరుగలి విసరునది, నీళ్లు మోయునది ఆమెయే. ఆమె వండి పెట్టగా తక్కినవారు సంతోషించిన చాలునని దేవుడు చెప్పలేదు. ఆమెయు వారితోకూడ సంతోషింపవలెనని చెప్పెను.

నేడు మన ఇండ్లలో దాసి లేదు. ఆ పనియంతయు ఇల్లాలిమీదనే పడినది. గోడలకు సున్నము కొట్టవలెను. కర్జికాయలు, నిప్పట్లు, మురుకులు చేయవలెను. అర్ధరాత్రి పాటలు పాడుచు వచ్చు యౌవనస్థులకు టీ కాచవలెను. తెల్లవారకముందే లేచి పిల్లలకు తలంటి, క్రొత్త బట్టలు తొడిగి, గుడికి పంపవలెను. క్రిస్మస్ ఉదయ ఆరాధనలో వెనుక వరుసలో కొంగు కప్పుకొని తల వాల్చి నిద్రించు తల్లులను ఏ కాపరియైనను చూచియుండును. ప్రసంగము వినలేదని వారిని తప్పు పట్టరాదు. వారు రాత్రి నిద్రపోయియుండరు.

మార్త సంగతి మనమెరుగుదుము. ఆమె వంట చేయుటను ప్రభువు తప్పు పట్టలేదు. అనేకమైన పనులనుగూర్చి ఆమె తొందరపడి కలత చెందుటను బట్టియే ఆయన మాటలాడెను (లూకా 10:41). తరువాత యోహాను 12:2 చదివినయెడల, బేతనియలో ప్రభువునకు విందు చేసినప్పుడు మార్త మరల ఉపచారము చేయుచున్నట్లు కనబడును. ఆ దినమున ఆమె ఎవరిమీదను సణిగినట్లు వ్రాయబడలేదు. పని మానక, కలతను మానెనని మనము తలంపవచ్చును.

అయితే తల్లి ఒక్కతెయే కలతను మానుటకు సాధ్యము కాదు. ఇంటివారందరు చేయి కలుపవలెను. తండ్రులారా, ఎదిగిన కుమారులారా, ఒక సంగతి ఆలోచించుడి. మరణమునుండి లేచిన ప్రభువు తిబెరియ సముద్రతీరమున తన శిష్యులకు కనబడినప్పుడు, వారు దరికి రాకముందే నిప్పులు సిద్ధముగా ఉండెను; వాటిమీద చేపయు, రొట్టెయు ఉండెను. వచ్చి భోజనము చేయుడని ఆయనయే వారిని పిలిచి, తన చేతులతో వడ్డించెను (యోహాను 21:9–13). మేకుల గాయములుగల ఆ చేతులు పొయ్యిపని చేయుటకు సిగ్గుపడలేదు. మనము నీళ్లు తోడి, కొబ్బరి తురిమి, గిన్నెలు కడిగినయెడల మన మగతనమునకు కొరత ఏమి? నాలుగు పిండివంటలకు బదులు రెండు చేసి, ఆ రాత్రి ఇల్లాలిని నిద్రపోనిచ్చినయెడల, ఉదయమున ఆమెయు వాక్యము వినును.

2. ప్రభువు ఇచ్చిన కొలది

పండుగకు వచ్చువాడు వట్టి చేతులతో రాక, దేవుడు తన్ను దీవించిన కొలది, తన శక్తికొలది ఇయ్యవలెనని పదియేడవ వచనము చెప్పుచున్నది. ఇది కానుకనుగూర్చి చెప్పబడినను, ఇంటి వ్యయమునకును మంచి కొలత. దేవుడు ఇచ్చినది ఎంతో అది మన కొలత. ప్రక్కింటివారు కొనినది మన కొలత కాదు.

పండుగ అప్పును లెక్కకట్టి చూడుడి. క్రిస్మస్ బట్టలకు, మాంసమునకు, దీపములకు 10,000 రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చితిమనుకొందము. నెలకు వడ్డీ 300 రూపాయలు. మరుసటి క్రిస్మస్ నాటికి 3,600 రూపాయలు వడ్డీయే కట్టియుందుము. అసలు 10,000 అట్లే నిలిచియుండును. ఆ 3,600 రూపాయలు ఒక బిడ్డ పుస్తకములు కావచ్చును, ముసలి తల్లి మందులు కావచ్చును. ఇప్పుడు ఫోనులో వ్రేలితో నొక్కగానే అప్పు వచ్చుచున్నది. ఇచ్చునప్పుడు వాని మాట తీపి, వసూలు చేయునప్పుడు చేదు. పొదుపు సంఘములో తీసికొనిన అప్పు పాడియావుకో, కుట్టుమిషనుకో వాడినయెడల తిరిగి సంపాదించును. పట్టుచీరకు వాడినయెడల ఆ చీర పెట్టెలో ఉండును, అప్పు గుమ్మములో నిలుచును.

కాని బిడ్డలు క్రొత్త బట్టలు అడుగుదురు గదాయని మీరనవచ్చును. అది నిజమే. లేమిగల తండ్రికి ఆ మాట ముల్లువలె గుచ్చుకొనును. అట్టి తండ్రి యోసేపును జ్ఞాపకము చేసికొనవలెను. బాలుడైన యేసును దేవాలయమునకు తెచ్చినప్పుడు గువ్వల జతనుగూర్చియు, పావురపు పిల్లలనుగూర్చియు లూకా చెప్పుచున్నాడు (లూకా 2:24). గొఱ్ఱెపిల్లను తేజాలని బీదలకు ధర్మశాస్త్రము అనుమతించిన కానుక అది (లేవీయకాండము 12:8). లోకరక్షకుని మొదటి పండుగకు ఆయన తలిదండ్రులు బీదల కానుకనే తెచ్చిరి. దేవుడు దానిని త్రోసివేయలేదు. ఉతికి, ఇస్త్రీచేసి, గుండీలు కుట్టిన చొక్కా తొడిగిన బిడ్డ ఆ ప్రభువు ఎదుట తల దించుకొననక్కరలేదు. ఉన్న సంగతి బిడ్డలకు ప్రేమతో చెప్పుడి. అప్పు దాచి బట్టలు కొనుటకంటె, లేమి చెప్పి దగ్గరకు తీసికొనుట మేలు.

3. పందిరి క్రింద కూర్చున్నవారు

పండుగ ఏడు దినములు ఇశ్రాయేలీయులు తమ ఇండ్లు విడిచి, కొమ్మలతో వేసిన పర్ణశాలలలో నివసింపవలసియుండెను. ఐగుప్తునుండి వచ్చునప్పుడు తమ పితరులు పర్ణశాలలలో నివసించిరని రాబోవు తరములవారు ఎరుగుటకే ఆ ఆజ్ఞ (లేవీయకాండము 23:42–43). చెరనుండి తిరిగి వచ్చిన వారు నెహెమ్యా కాలములో ఇండ్ల కప్పులమీదను, ముంగిళ్లలోను పర్ణశాలలు వేసికొనిరి. అప్పుడు వారికి బహు సంతోషము కలిగెను (నెహెమ్యా 8:16–17). ఖాళీ లేకుండ నిండిన ఇంటిలో కాక, ఆకుల పందిరి క్రింద వారికి ఆ సంతోషము దొరికెను.

వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెనని యోహాను 1:14 చెప్పుచున్నది. అక్కడ వాడిన గ్రీకు మాటకు గుడారము వేసికొనెనని అర్థము. దేవుడు తానే మన పందిరి క్రిందికి వచ్చెను. క్రీ.శ. 1223లో ఇటలీ దేశమందలి గ్రెచ్చో అను ఊరిలో అస్సీసీ ఫ్రాన్సిస్ క్రిస్మస్ ఆరాధనకు ఒక తొట్టిని, ఎండుగడ్డిని, ఒక ఎద్దును, ఒక గాడిదను తెప్పించెను. బేత్లెహేములో ఆ బాలుడు అనుభవించిన లేమిని జనులు కన్నులార చూడవలెనని ఆయన కోరిక. మన పల్లెవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు. పశువుల కొట్టపు వాసన మనమెరిగినదే. ప్రభువు పుట్టిన చోటునకు మన ఇండ్లు దూరమైనవి కావు.

ఇట్టి ఇంటి తలుపు ఇతరులకు తెరచియుండవలెను. ఏమియు సిద్ధము చేసికొననివారికి భాగములు పంపుడని నెహెమ్యా 8:10 చెప్పుచున్నది. ఇటు మడకశిర, అటు శిరా. మన సరిహద్దు ఊళ్లలో ఒక ఇంటిలో తెలుగు, ప్రక్కింటిలో కన్నడము వినబడును. ఏ భాషవారైనను, ఏ మతస్థులైనను, ఒక పళ్లెము వారికి పంపుడి. ముఖ్యముగా ఈ సంవత్సరము మరణము సంభవించిన ఇంటిని మరువకుడి. ఆ యింట పొయ్యిమీద బాణలి ఎక్కదు, గుమ్మమున నక్షత్రము వెలుగదు. పండుగనాడు ఎవరును తమ గడప త్రొక్కరని వారికి తెలియును. మీరు వెళ్లి వారి ప్రక్కను కూర్చుండుడి. చెప్పుటకు మాటలు లేకున్నను ఫరవాలేదు.

ప్రియులారా, కోత పండుగనుండి నూతన సంవత్సరము వరకు ఈ నాలుగు సంగతులు మీ ఇంటిలో చేసి చూడుడి. వంటకు తీయునప్పుడెల్ల పిడికెడు బియ్యమో, రాగిపిండియో ప్రభువు పేరట వేరుగా ఉంచుడి. ఆగమన కాలపు ప్రతి సాయంకాలము, సంగటి దింపిన తరువాత, తినుటకు ముందు, లూకా సువార్తలో కొన్ని వచనములు ఒక బిడ్డచేత చదివించుడి. అంతసేపు టీవీని, ఫోనును ప్రక్కన పెట్టుడి. పండుగ వ్యయమును భార్యాభర్తలు కలిసి కూర్చుండి ముందుగా కాగితముమీద వ్రాసికొనుడి. క్రిస్మస్ నాటి రాత్రి, రోజంతయు పని చేసిన తల్లిని కూర్చుండబెట్టి, తక్కినవారు ఆమెకు వడ్డించుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా పొలములకు వాననిచ్చి, మా కళ్లములను దీవించినందుకు నీకు స్తోత్రము. పంట పోయిన ఇండ్లను నీవు ఎరుగుదువు, వారిని విడువకుము. అప్పుల భారము క్రింద నలుగువారికి మార్గము చూపుము. పొయ్యి యొద్ద అలసిన తల్లులకు విశ్రాంతి దయచేయుము, వారి పని పంచుకొను మనస్సు మాకిమ్ము. దూరమున ఉన్న మా బిడ్డలను క్షేమముగా ఇంటికి చేర్చుము. బేత్లెహేము తొట్టిలో పరుండిన నీ కుమారునికి మా చిన్న ఇంటిలో చోటు చేయుటకు సహాయము చేయుమని ఆయన నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.