బోనుకి ఇవతల

మొన్నొక ఆదివారం మా అమ్మనీ, ఆరేళ్ళ మనవరాలినీ హైదరాబాద్ నెహ్రూ జూపార్కుకి తీసుకెళ్ళాను. రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసి, "ఈ ఎండల్లో అంత దూరం వెళ్ళినందుకు చూడదగ్గదేమైనా ఉందా?" అని అడిగింది. వెంటనే ఏం చెప్పాలో తోచలేదు.

పులి గోడవెంట అటు చివరినుంచి ఇటు చివరికి తిరుగుతూనే ఉంది. "దానికెక్కడికీ వెళ్ళే పనిలేదుగా అమ్మమ్మా, మరెందుకలా నడుస్తోంది?" అంది పాప. స్త్రీల బతుకు గురించి రాస్తూ పంజరాన్ని ఎన్నిసార్లు వాడుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ పోలికలో పంజరం నాదైంది, జంతువు మాయమైంది. ఆ రోజు నేను టిక్కెట్టు కొనుక్కుని బోనుకి ఇవతల నిలబడ్డాను.

మా అమ్మ జంతువుల్ని పెద్దగా చూడలేదు. చెట్టుకింద దుప్పటి పరుచుకుని కూర్చుంది. పక్కనే పాతబస్తీ ఆడవాళ్ళు బురఖా ముసుగులు పైకెత్తి, టిఫిన్ డబ్బాలు విప్పి, పగలబడి నవ్వుతున్నారు. "నలుగురిలో ఇలా కాళ్ళు చాపుకు కూచుని ఎన్నేళ్ళయిందే!" అంది అమ్మ. 1963లో తెరిచిన ఈ 380 ఎకరాల తోటలో, ఎందుకొచ్చావని ఆడదాన్ని ఎవరూ అడగరు. పిల్లలకి జంతువుల్ని చూపించడానికొచ్చామన్న సాకు చాలు. మనకి దొరికిన ఆ కాస్త తీరికకి ఆ పులి కాపలా కాస్తోందన్నమాట.

బోను వాటి రక్షణకే అంటారు. రక్షణ అన్న మాట మనకి కొత్త కాదు. 2000 అక్టోబరులో ఇదే జూలో ఒక ఆడపులిని బోనులోనే చంపి చర్మం ఒలిచారు. అలాగని జూ వల్ల మంచే జరగలేదనలేను. మూషిక జింకల్ని 2010 నుంచి ఇక్కడ పెంచి, 2017లో కొన్నిటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఆ పెంపకం సందర్శకుల కంటపడని చోట జరిగింది. అంటే అసలు విలువైన పనికి మన చూపుతో అవసరమే లేకపోయింది.

అందుకే మా అమ్మాయికి ఇలా చెప్పాను: కూర్చోడానికి వెళ్ళొచ్చు, చూడటానికి మాత్రం కాదు. కానీ ఆ జవాబు నాకే పూర్తిగా నచ్చలేదు. ఆడవాళ్ళు ఊరికే కూర్చునే చోటు కావాలంటే, పక్కన ఇంకో ప్రాణి బందీగా ఎందుకుండాలి? అది మనం ఊరిని అడగాల్సిన ప్రశ్న, జంతువులతో తీర్చుకోవాల్సిన లోటు కాదు.

మళ్ళీ ఎప్పుడు వెళదామని అమ్మ అడుగుతోంది. తీసుకెళతాను. ఈసారి పాప అడిగితే, పులి ఎందుకు నడుస్తోందో దాచకుండా చెబుతాను.