పంట కంటే ముందు నారుమడి



పాస్కా కాలపు నాలుగవ ఆదివారాన్ని మనం మంచి కాపరి ఆదివారంగా జరుపుకుంటాం. 1964లో ఆరవ పౌలు పోపుగారు దైవపిలుపుల కోసం లోకమంతా ప్రార్థించే దినాన్ని నెలకొల్పారు. ఈ ఆదివారమే ఆ ప్రార్థన చేస్తాం. కోతకు పనివారిని పంపమని చేనుగల ఆసామిని వేడుకుంటాం. కానుక వేస్తాం, ఇంటికి వస్తాం. ఆ పనివాడు ఎక్కడ తయారవుతున్నాడు, ఎవరి నడుమ కూర్చుని అన్నం తింటున్నాడు, ఎవరితో గది పంచుకుంటున్నాడు అని అడిగేవారు మాత్రం అరుదు. ఈ వారం ఆ సంగతి ఆలోచిద్దాం.

హైదరాబాదులో అమీర్‌పేట కూడలి తెలియని తెలుగువాడు ఉండడు. మైత్రీవనం పరిసరాలలో గోడల కంటే బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. జావా, పైథాన్, డేటా సైన్స్! మూడు నెలల కోర్సు, నలభై అయిదు రోజుల కోర్సు, డెమో క్లాసు ఉచితం! శ్రీకాకుళం నుండి, ఖమ్మం నుండి, అనంతపురం నుండి వచ్చిన పిల్లలు ఎస్.ఆర్. నగర్‌లో, బల్కంపేటలో హాస్టలు గదులలో మంచం పక్కన మంచం వేసుకుని ఉంటారు. వారిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. తండ్రి చేసిన అప్పు తలచుకుంటూ రాత్రి పన్నెండు దాకా చదివే పిల్లలు వారు. ప్రతి ఆదివారం ఆ చుట్టుపక్కల గుడులలో వెనుక వరుసలో నిలబడేది కూడా వారిలో కొందరే. అయితే కోర్సు అయిపోగానే ఎవరి దారి వారిది. పక్క మంచం అబ్బాయి ఫోనులో ఒక నంబరుగా మిగిలిపోతాడు. అందులో తప్పు లేదు. అక్కడ అమ్మేది విద్య, కొనేది విద్య. కలసి బ్రతకడం నేర్పిస్తామని ఆ బోర్డులలో ఏదీ చెప్పలేదు.

అదే అమీర్‌పేటలో నాగోలు వైపు పోయే మెట్రో ఎక్కి హబ్సిగూడలో దిగితే రామంతాపూర్ దగ్గరే. తెలుగు మేత్రాసనాలకు కాబోయే గురువులు వేదాంతం చదివే పునీత యోహాను ప్రాంతీయ గురువిద్యాలయం అక్కడ ఉంది. దానికి ముందు తత్వశాస్త్రం చదవడానికి విశాఖ వైపు కొండడాబలో ఉంటారు. శ్రీసభ చట్టం ప్రకారం ఈ రెండు చదువులకే కనీసం ఆరేళ్ళు పట్టాలి. చిన్న గురువిద్యాలయం, డిగ్రీ, మధ్యలో విచారణలలో చేసే సేవా కాలం కలుపుకుంటే పదేళ్ళు దాటుతుంది. మూడు నెలల కోర్సుకు అలవాటుపడిన ఈ కాలంలో తల్లిదండ్రులు అడుగుతారు, "ఇంతకాలం ఏం నేర్పుతారు ఫాదర్?" అని. న్యాయమైన ప్రశ్నే. పుస్తకాలలోని విషయం అంతకంటే తక్కువ కాలంలో నేర్పవచ్చు. ఆ మిగిలిన కాలం ఎందుకు?

సెమినరీ అనే మాటకు లాటిను మూలంలో అర్థం నారుమడి. 1563లో త్రెంతు మహాసభ ప్రతి మేత్రాసనంలో ఇలాంటి విద్యాలయం ఉండాలని ఆదేశించింది. అంతకు ముందు చాలాచోట్ల కుర్రవాడు ఒక గురువు వెంట తిరిగి పూజ చేయడం నేర్చుకుని అభిషేకం పొందేవాడు. మహాసభ ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, నలుగురిని ఒకచోట చేర్చి పెంచమంది. వరి సాగు చేసిన ఇంటివారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. నారు ఒత్తుగా పెరుగుతుంది. ఒక మొలకను ఆనుకుని మరొకటి నిలబడుతుంది. తరువాత దాన్ని పెరికి, కట్టలు కట్టి, పొలంలో దూరం దూరంగా నాటుతారు. నాటిన కొన్నాళ్ళు ఆకులు వాడి వేలాడతాయి. వేరు పట్టుకునేది నారుమడిలో తెచ్చుకున్న బలంతోనే. మన గురువులు కూడా అంతే. అభిషేకమైన ఏడాదికే ఏ మారుమూల విచారణలోనో ఒంటరిగా, వంటవాడు రాని రోజున చల్లన్నం తింటూ కూర్చుంటారు. పదేళ్ళు ఒత్తుగా పెరగకపోతే ఆ ఒంటరితనాన్ని తట్టుకోలేరు.

క్రీస్తు ప్రభువు పన్నిద్దరిని ఎన్నుకున్న సంగతి మార్కు సువార్త మూడవ అధ్యాయంలో చదవండి. వారిని పంపడానికంటే ముందు, తనతో ఉండటానికి నియమించాడని మార్కు వ్రాశాడు. ఆ క్రమం గమనించండి. మొదట ఉండటం, తరువాత వెళ్ళడం. ఎవరెవరిని కూర్చాడో కూడా చూడండి. మత్తయి సుంకరి, రోమువారి తరఫున పన్ను వసూలు చేసి తనవారి నోట తిట్లు తిన్నవాడు. ఇంకొకడు సీమోను, జెలోతే అనే పేరు గలవాడు. రోమువారంటే మండిపడే జనం పేరు అది. ఈ ఇద్దరూ ఒకే పడవలో, ఒకే బల్ల దగ్గర, బహుశా ఒకే చెట్టు కింద నిద్ర! మన సంఘ పెద్దలలో ఎవరికైనా ఆ ఎంపిక అప్పగించి ఉంటే వీరిద్దరినీ రెండు వేరువేరు బృందాలలో వేసి ఉండేవారు.

గురువిద్యాలయంలో రోజు గంటతో మొదలవుతుంది, గంటతో ముగుస్తుంది. తెల్లవారకముందే లేవడం, ప్రార్థన, ధ్యానం, దివ్యబలిపూజ, టిఫిను, తరగతులు, సాయంత్రం ఆట, తోటపని, జపమాల, చదువు, రాత్రి మౌనం. బయటివారికి ఇది జైలులా తోచవచ్చు. లోపల ఉన్నవారికి కష్టమనిపించేది గంట కాదు, పక్కవాడు! గురక పెట్టేవాడు ఒకడు. అడగకుండా సబ్బు వాడేవాడు ఒకడు. ఇంగ్లీషు మీడియంలో చదివి మన యాసను చూసి నవ్వేవాడు ఒకడు. తెలుగు మీడియం నుండి వచ్చి వేదాంత పుస్తకం పేజీ తిప్పలేక కన్నీరు పెట్టుకునేవాడు ఒకడు. చివరి ఇద్దరినీ ఒక గదిలో వేస్తే ఏమవుతుందో ఊహించండి. పరీక్షల ముందు మొదటివాడు రెండవవాడికి పాఠం విడమరచి చెప్పాలి. ప్రసంగం సిద్ధం చేసేటప్పుడు రెండవవాడు మొదటివాడికి పల్లెలో అర్థమయ్యే తెలుగు మాట అందించాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి మార్కులు లేవు. కాని గురువు తయారయ్యేది అక్కడే.

1992లో పోపు రెండవ జాన్ పాల్ గారు గురువుల శిక్షణ గురించి వ్రాసిన లేఖలో మానవత్వపు శిక్షణకు, ఆధ్యాత్మిక శిక్షణకు, చదువుకు, కాపరి సేవకు కలిపి స్థానం ఇచ్చారు. 2016 డిసెంబరులో రోము నుండి వెలువడిన కొత్త నియమావళి ఒక అడుగు ముందుకు వేసి, శిక్షణ అంతా సమూహంలోనే సాగాలని చెప్పింది. అంటే సమూహ జీవనం హాస్టలు వసతి లాంటిది కాదు, అదే ఒక పాఠం అన్నమాట.

సోదర క్రైస్తవ సంఘాలు కూడా ఈ పాఠం నేర్చుకున్నాయి. దోర్నకల్‌లో 1912లో ఆంగ్లికను సంఘానికి మొదటి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య గారు పల్లె బోధకులను తయారుచేసేటప్పుడు వారి భార్యలకు కూడా శిక్షణ ఇప్పించారు. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే, మీ త్యాగం ఎంతో గొప్పది, కాని మాకు కావలసినది స్నేహం అనే అర్థం వచ్చేలా మాట్లాడిన ధైర్యశాలి ఆయన. దాతకూ గ్రహీతకూ మధ్య బల్ల దగ్గర చోటు లేదని ఆయన బాధ. 1964లో వేరువేరు ప్రొటెస్టంటు సంఘాలు చేతులు కలిపి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించాయి; తరువాత అది హైదరాబాదుకు తరలివచ్చింది. వేరువేరు ఆచారాలలో పెరిగిన పిల్లలు అక్కడ ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు.

ఇక అసలు మాటకు వస్తాను. కొంచెం చేదుగా ఉంటుంది, ఓర్చుకోండి.

మన విచారణకు కొత్త ఫాదర్ గారు వస్తున్నారని తెలియగానే ఏమి అడుగుతాం? ప్రసంగం బాగా చెబుతారా, పాట పాడతారా, కోపిష్ఠా, ఇవన్నీ తరువాతి ప్రశ్నలు. మొదటి ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతాం: "ఎవరట?" ఆ "ఎవరట"లో ఊరు పేరు అడగడం లేదని అడిగినవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు. జవాబు రాగానే కొన్ని ముఖాలు వికసిస్తాయి, కొన్ని ముడుచుకుంటాయి. ఆయన ఇంకా పెట్టె కూడా దించలేదు! పదేళ్ళు ఒకే బల్ల దగ్గర అన్నం తిని, "మనవాడు, పరాయివాడు" అనే లెక్క మరచిపోవడానికి తంటాలు పడిన కుర్రవాడికి, ఆ లెక్కను మళ్ళీ మొదటి రోజే మనం చేతిలో పెడుతున్నాం.

ఇది ఈనాటి జబ్బు కాదు. అంతియోకులో పేతురు అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులతో కలసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే వారికి జంకి బల్ల దగ్గర నుండి తప్పుకున్నాడు. ఆయనను చూసి మిగిలినవారు, చివరకు బర్నబా కూడా, తప్పుకున్నారు. పౌలు ఊరుకోలేదు. అందరి ఎదుట నిలదీశాడు. గలతీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయంలో ఉంది. గమనించవలసిన సంగతి ఏమంటే, అక్కడ పేతురు తప్పుడు సిద్ధాంతం ఏదీ బోధించలేదు. కంచం పక్కకు జరిపాడు, అంతే. అది సువార్త సత్యాన్ని తప్పడమే అన్నాడు పౌలు. మొదటి పోపుగారిని జంకించింది కూడా బయటి నుండి వచ్చినవారి చూపే! ఇరవై ఏడేళ్ళ కొత్త గురువు మన చూపుకు జంకడా?

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులాల హోదా అందలేదు. మన తెలుగు రాష్ట్రాలలో వారిని బి.సి. 'సి' గ్రూపులో ఉంచారు. ఏటా ఆ తేదీన నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని నిరసన తెలుపుతున్నాం. అది న్యాయమైన పోరాటం. కాని ప్రభుత్వం వైపు వేలు చూపించి, ఆ వేలితోనే గుడి ముందు బెంచీలు వేరుచేస్తే వినేవాడు నవ్వడా? 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై ఒక విధానపత్రం వెలువరించి, శ్రీసభ లోపల కూడా వివక్ష ఉందని దాపరికం లేకుండా ఒప్పుకుంది. పీఠాధిపతులు ఒప్పుకున్నదాన్ని మనం ఇంకా గుసగుసగా ఆడుకుంటున్నాం.

మార్పు రాలేదని నేను అనను. దళిత కుటుంబంలో పుట్టిన మారంపూడి జోజి గారు 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. కర్నూలు మేత్రాసనపు బిడ్డ, పేదరికం వలన ఏడవ తరగతితో బడి మానవలసి వచ్చి, మిషనరీల చేయూతతో తిరిగి చదువుకున్న పూల అంతోని గారు హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా ఉండగా, 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను కార్డినల్‌ను చేశారు. దళితులలో మొదటి కార్డినల్, తెలుగువారిలోనూ మొదటివారే. ఆ రోజు అందరం మిఠాయిలు పంచుకున్నాం. మంచిదే. అయితే రోములో ఎర్ర టోపీ చూసి చప్పట్లు కొట్టడం తేలిక. ఆ ఇంటి నుండే వచ్చిన చిన్న ఫాదర్ గారిని మన పెళ్ళి పందిట్లో ముందు వరుసలో కూర్చోబెట్టడం దగ్గరే మనకు చేతులు రావు.

పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి ఎప్పుడైనా వెళ్ళారా? రోగుల వెంట వచ్చినవారు ఆవరణలో దుప్పటి పరచుకుని రోజులు గడుపుతారు. ఆదిలాబాదు నుండి వచ్చినవారు నెల్లూరు నుండి వచ్చినవారికి పెరుగన్నం పెడతారు. రక్తం కావలసి వస్తే గ్రూపు అడుగుతారు, ఆ గ్రూపు ఒక్కటే! ఆపద మనుషులను ఒక్క రాత్రిలో అక్కడికి తెస్తుంది. గురువిద్యాలయం ఏ ఆపదా లేకుండా, మామూలు సోమవారాలలో, మంగళవారాలలో, పదేళ్ళపాటు మనుషులను అక్కడికి తేవాలి. అందుకే అంతకాలం పడుతుంది. చదువుకునే కుర్రవాళ్ళు కూడా అంత తేలికగా మారరు. జిల్లాల వారీగా, బంధుత్వాల వారీగా గుంపులు కట్టాలనే బుద్ధి వారికీ ఉంటుంది. మన ఇళ్ళ నుండే కదా వెళ్ళారు. అన్నం తినే చోటు మార్చుకోమని ఆచార్యులు చెబితే గొణుక్కుంటారు. గొణుగుతూనే మారతారు.

బ్రదర్లు వేసవి సెలవులకు వచ్చే రోజులు ఇవి. కొందరు సొంత ఊళ్ళకు, కొందరు విచారణలలో సేవకు వస్తారు. అమీర్‌పేట వంటి చోట్ల ఉన్నవారికి, పల్లెలలో ఉన్నవారికి కూడా నాదొక మనవి. విచారణ గురువులతో మాట్లాడి, బ్రదరు మీ దగ్గర ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఒక ఇంట భోజనం ఏర్పాటు చేయండి. ఇళ్ళ జాబితా వ్రాసేటప్పుడు మేడలున్న వీధి నుండి మొదలుపెట్టకండి. వెనుక వరుసలో నిలబడే హాస్టలు పిల్లలలో ఇద్దరిని కూడా ఆ పూటకు పిలవండి. నెలల తరబడి మెస్ సాంబారు తింటున్న పిల్లలు, రామన్నా వస్తారు. బ్రదరు ఏ ఊరివాడో, ఏమి చదువుతున్నాడో, ఇంట్లో అమ్మ ఆరోగ్యం ఎలా ఉందో అడగండి. అక్కడికి ఆపండి. వంట గురించి మొహమాటపడవద్దు, గోంగూర పచ్చడి చాలు. గురువిద్యాలయం అన్నానికి అలవాటుపడినవారికి ఇంటి ముద్ద ఏదైనా పండుగే.