వదులుకున్న ముఖం

చిత్రకారుడు పిసానెల్లో 1447లో పోతపోసిన ఒక కంచు పతకం మీద చెచీలియా గొంజాగా ముఖం ఉంది. ఆమె ఇటలీలోని మాంటువా పాలకుడు జాన్‌ఫ్రాంచెస్కో కూతురు. పండితుడు విట్టోరినో ద ఫెల్త్రే దగ్గర గ్రీకు, లాటిన్ చదివింది. తండ్రి కుదిర్చిన సంబంధం వద్దంది, మఠంలో చేరతానంది. ఆయన ఒప్పుకోలేదు. 1444లో ఆయన పోయాక, మరుసటి ఏడే ఆమె సెయింట్ క్లారా సంప్రదాయపు సన్యాసినుల్లో చేరింది. అంటే పతకం తయారయ్యేనాటికి ఆమె లోకాన్ని విడిచి రెండేళ్లు. అయినా దాని ముందువైపున ఉన్నది సన్యాసిని కాదు, రాజకుమారి. కొలువులో వేసుకునే దుస్తులు, ఎత్తుగా కట్టిన జుట్టు, చుట్టూ ఆమె పేరు, కన్య అన్న మాట, మాంటువా మొదటి మార్క్విస్ కూతురన్న పరిచయం. పూర్వాశ్రమాన్ని వదులుకున్న మనిషిని ఆ పూర్వాశ్రమపు ముఖంతోనే శాశ్వతం చేసే హక్కు మిగిలినవాళ్లకు ఉందా? లేదనే నేను నమ్ముతున్నాను.

కీర్తి కోరడమే తప్పని నా వాదన కాదు. రిమినీ ప్రభువు సిజిస్మోండో మలాటెస్టా తన బొమ్మ ఉన్న పతకాలను తాను కట్టించిన గోడల్లో పెట్టించాడు, ఎన్నేళ్లకైనా ఎవరికైనా దొరకాలని. అది గర్వమే అనుకున్నా, ఆ కోరిక అతనిదే. చెచీలియా కోరుకున్నది మరుగు.

పతకాన్ని తిప్పి చూడమని ఎవరైనా అనవచ్చు. వెనుక వైపు నెలవంక కింద అర్ధనగ్నంగా కూర్చున్న యువతి, ఆమె దగ్గర ఒంటికొమ్ము జంతువు. కన్యకు మాత్రమే లొంగుతుందని యూరప్ నమ్మిన జంతువది. అక్కడ ఆమె వ్రతానికి గౌరవం దక్కింది, కాదనను. పిసానెల్లో చేసిన అత్యంత సుందరమైన పనుల్లో అదొకటి. కానీ ఆ వైపున రాతి దిమ్మె మీద చెక్కి ఉన్న పేరు చిత్రకారుడిది. చెచీలియా పేరు ముఖం వైపునే, తండ్రి బిరుదుతో కలిసి ఉంది. ఆమె దేవుడికిచ్చిన బ్రహ్మచర్యం ఈ అమరికలో వంశానికి ఆభరణమైంది.

ఆ కాలపు పతకానికి వేరే దారి లేదు, ముఖం లేకుండా మనిషిని ఎలా గుర్తుంచుకుంటారు అన్నది ఇంకా బలమైన ఆక్షేపణ. దానికి జవాబు ఆ కాలంలోనే ఉంది. సియెనాకు చెందిన బెర్నార్దినో 1444లో చనిపోయాడు. చెచీలియా చేరిన క్లారా సంప్రదాయంలాగే ఆయనదీ ఫ్రాన్సిస్కన్ మార్గమే. పతకాల శిల్పి మారెస్కొట్టి ఆయనకు చేసిన పతకంలో ముందువైపు సన్యాసి దుస్తులతోనే ఉన్నాడు, వెనుక వైపు ఆయన ఊరూరా ప్రకటించిన యేసు నామచిహ్నం. ముఖం ఉంది, పేరు ఉంది. రెండూ ఆయన ఎంచుకున్న జీవితానికి చెందినవే. అలాంటి పతకం చెచీలియాకూ సాధ్యమే. లోకాన్ని వదిలినవారికి లోకం చేసిన బొమ్మతో ఏం బాధ అని సరిపెట్టుకోవడం కూడా కుదరదు. ఆమె బాధపడిందా లేదా అన్నది కాదు, చెప్పిన మాట వినబడిందా అన్నదే ఇక్కడి ప్రశ్న. 1451లో చనిపోయేదాకా ఆమె ఆ మఠాన్ని విడిచి రాలేదు. పతకం ముందువైపు మాత్రం పెళ్లికి ఎదురుచూస్తున్న కూతురినే చూపిస్తోంది.