ఇచ్చినా తరగనిది

మా అమ్మాయి ఆ రోజు కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా కుర్చీలో కూలబడింది. కాఫీ ఇస్తే వద్దంది. మా ఇంట్లో ఎవరైనా కాఫీ వద్దన్నారంటే ఏదో కొంప మునిగిందన్నమాటే.

సంగతేమిటంటే, కంప్యూటర్లో ప్రోగ్రాము రాసివ్వమని క్లాసులో అందరికీ చెప్పారట. ఇది కూచుని రాసింది. దీని స్నేహితురాలికి వారం రోజులుగా జ్వరం. "నీదోసారి పంపవే, చూసి రాసుకుంటాను" అంటే పంపింది. ఆ పిల్ల పేర్లు నాలుగు మార్చి, పైవి కిందికీ కిందివి పైకీ జరిపి ఇచ్చేసింది. ఇద్దరికీ సున్నాలు!

"తీసుకున్నదానికి సరే, ఇచ్చినదానికీ సున్నాయేనా? విద్యాదానం చేయడమూ తప్పేనా?" అన్నాను కోపం ఆగక. ఆ మాస్టారి మీద మరో రెండు మాటలు కూడా అన్నాననుకోండి. అవి అచ్చు వేసేవి కావు.

ఇలాంటివి పట్టుకోవడానికి 1994లోనే అమెరికాలో 'మాస్' అనే ప్రోగ్రాము తయారు చేశారట. పిల్లలు రాసినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుందట. వేషం మార్చినా నడకని బట్టి మనిషిని ఆనవాలు పట్టినట్టు, పేర్లు మార్చినా పట్టేస్తుంది. ఎవరు ఎవరిది చూశారో మాత్రం చెప్పలేదు. అది మాస్టారే తేల్చుకోవాలి.

ఆ చివరి మాట వినగానే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. "రేపు వెళ్ళి, నేనివ్వలేదండీ, నా పాస్‌వర్డు కనిపెట్టి తనే తీసుకుందండీ అని చెప్పు. నీ మార్కులు నీకొస్తాయి" అన్నాను.

మావారు పేపర్లోంచి తలెత్తారు. "2000 నాటి ఐటీ చట్టానికి 2008లో సవరణ చేశారు. ఇంకొకరి పాస్‌వర్డు మోసంతో వాడితే 3 ఏళ్ళ దాకా జైలు. ఆ పిల్ల మీద ఎంత నింద వేయిస్తున్నావో తెలుసా?" అన్నారు.

నేను మార్కులే చూశాను గాని జైలు చూడలేదు. ఆ పిల్ల మా ఇంట్లో ఎన్నిసార్లు ఆవకాయన్నం తిందో!

"నేనలా చెప్పనమ్మా. ఇచ్చింది నేనేగా" అంది అమ్మాయి. అక్కడితో ఊరుకుందా? "మొన్న నువ్వు మీ వాట్సాప్ గ్రూపులో నవల పంపావే, అది మాత్రం ఎవరిది?" అంది.

నిజమే. ఎవరో మహానుభావుడు పేజీ పేజీ ఫోటో తీసిన నవల అది. రాసినావిడ బతికే ఉన్నారు. పుస్తకం షాపులో దొరుకుతోంది కూడా. "మా రోజుల్లో వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు తీసి, బైండు చేయించి వీధంతా చదవలేదూ?" అని దబాయించాను గాని, రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ బైండు పుస్తకం పక్కింటి పిన్నిగారింటికి వెళితే నా బీరువాలో ఆ చోటు ఖాళీగా ఉండేది. తిరిగొచ్చేసరికి అట్ట మీద పసుపు మరక. ఇవ్వడంలో నాకో లోటుండేది, అందుకని ఎవరికివ్వాలో ఆలోచించేదాన్ని. ఇప్పుడో, వేలితో నొక్కితే ఇరవై మందికి చేరుతుంది, నాదీ నా దగ్గరే ఉంటుంది. లోటు లేదు గనక అసలిది ఎవరిదన్న ఆలోచనే రాదు. విద్య ఇస్తే పెరుగుతుందంటారు. మరి మా అమ్మాయి పంపినదాంట్లో ఆ పిల్లకి ఒక్క ముక్కా అర్థం కాలేదట!

అలాగని నకలు తీయడమంతా తప్పేననీ అనను. 2016లో ఢిల్లీ హైకోర్టు, విద్యార్థులకు కావలసిన పాఠ్యభాగాలు జిరాక్సు తీసివ్వడం తప్పు కాదంది. వేలకు వేలు పోసి పుస్తకాలు కొనలేని పిల్లల మాట అది. నా నవల ఏ పరీక్షకో నాకే తెలియదు.

మర్నాడు మా అమ్మాయి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. సున్నా సున్నాగానే ఉంది. నాకింకా ఆ మాస్టారంటే ఒళ్ళుమంటే.

ఆదివారం ఆ పిల్ల వచ్చింది. నీరసంగా ఉంది, మొహం చెల్లక నావంక చూడలేదు. నేను మాత్రం చూడగలిగానా? కాఫీలు పట్టుకెళ్ళేసరికి కంప్యూటర్ ముందు ఆ పిల్ల కూర్చుంది, మా అమ్మాయి చేతులు కట్టుకుని వెనక నిలబడింది. "నేను ముట్టుకోను, నువ్వే రాయి. తప్పొస్తే చెబుతా" అంటోంది.

నేను వంటింట్లోకి వచ్చి ఫోను తీసి, గ్రూపులో ఆ నవల తీసేశాను. మా ఆడపడుచుకి ఫోన్ చేసి, నీ దగ్గరున్నదీ తీసేయమని చెప్పాను.

"అయ్యో వదినా, అప్పుడే మా అపార్టుమెంట్లో అందరికీ పంపేశానే!" అంది.